సున్నా నిమిషాలు

ఉగాది పోయిన ఐదోనాడు
సుగ్గి నుంచి తిరిగొచ్చింది ఉరుకుందమ్మ.
కోసిగి స్టేషన్లో మూటలతో పాటు
బడి ఇచ్చిన ట్యాబూ దిగింది,
వాళ్లమ్మ పాత రవికెగుడ్డలో చుట్టుకొని.

ఛార్జింగు పెట్టే సందులో ఎర్రటి పొడి.
గుంటూరు మిరప.
చీపురుపుల్లతో గీకుతా ఉంటే
తుమ్మొచ్చింది నాకు. ఒకటి కాదు, ఐదు.
ఎనిమిదో తరగతంతా నవ్వింది.
కడాకు ఆ పిల్ల కూడా.

నా ఫోన్లోని నివేదికకు నవ్వు రాదు.
పేరు: ఉరుకుందమ్మ.
పాఠాలు చూసిన సమయం: సున్నా నిమిషాలు.
కింద ఇంకా పద్నాలుగు పేర్లు,
పద్నాలుగు సున్నాలు.
మిరపచేన్లకు పోయిన రెండు బెంచీలు
వరసగా ఎర్రగీతలు.

"ఒక్కటన్నా చూడలేదేమ్మే?"
"యాడ చూసేది సార్,
చేన్లో సిగ్నలు లేకపాయె, గుడిసెలో కరెంటు లేకపాయె.
మోటరు కాడ ఛార్జింగు పెట్టుకోని
ఫోటోలు తీస్తి."

నూటా పన్నెండు ఫోటోలు.
రైలో, కొంగలో, ఎవరిదో పెండ్లో అనుకుంటి.
అన్నీ కాటా ఫోటోలే.
మూడు కర్రల నడుమ వేలాడే ముల్లు కాటా,
దానికి గోతం,
గోతం పక్కన వాళ్లమ్మ సగం చెయ్యి.
పొద్దున ఎండలో ఒకటి,
మాపటేల టార్చి వెలుతుర్లో ఒకటి.
కొన్నిట్లో ముల్లు మసక. కొన్నిట్లో వేలు అడ్డం.

ఒక్కదాంట్లో గోతం లేదు.
వట్టి కొక్కెం.
ముల్లు సున్నా మీద లేదు,
సున్నాకు రెండు గీతలు వెనక్కుంది.

పోయినేడు చెప్పినా నేను ఈ పాఠం.
గోడకున్న పెద్ద తెర మీద
మంచుదేశం థర్మామీటరు చూపించి,
సున్నా కిందికి దిగే నీలిగీత చూపించి.
బయట నలభై రెండు డిగ్రీలు.
పిల్లోల్లు మంచును చూసినారు, గీతను చూడలేదు.
ఆ తర్వాత భూమిలోకి దిగే లిఫ్టు బొమ్మ.
లిఫ్టు ఎక్కినోళ్లు చెయ్యెత్తమంటే
ఒక్క చెయ్యి లేచింది,
అది నీళ్లు తాగొస్తానని.

ఈపొద్దు ట్యాబుకు తీగ తగిలించినా.
ఆరడుగుల కాటా వచ్చి గోడ మీద నిలబడింది.
"సున్నాకు వెనక ఏముంటాది?"
పుస్తకం చదివినోళ్లు రుణసంఖ్య అన్నారు.
ఉరుకుందమ్మ లేచి,
చున్నీ సర్దుకొని,
"మాయమ్మ కూలి సార్" అనింది.

ఆ మాట తర్వాత ఫ్యాను శబ్దం కొంచేపు వినబడింది.

రుణమని పుస్తకంలో ఉంది.
ఎవరికెవరు రుణమో లేదు.

వట్టి కాటా తీసేస్తే నూటా పదకొండు తూకాలు.
తూకానికి రెండు కిలోలు.
కిలోకు పన్నెండు రూపాయలు.
"చెయ్యండి" అన్నా.
అందరికన్నా ముందు జవాబు చెప్పింది తాయన్న.
రెండువేల ఆరునూర్ల అరవై నాలుగు.
చెప్పి, బెంచీ మీది గీతలు గోటితో గీకుతా కూచున్నాడు.
వాళ్ల నాయనే మేస్త్రీ.
లారీలో ఊరును ఎక్కించుకొని పోయేది ఆయనే.
కాటా మాత్రం ఆయనది కాదంట.
ఆ పిల్లోడు దీన్ని రెండుసార్లు చెప్పినాడు.

అంతలో కరెంటు పాయ.
గోడ మీది కాటా ఆరిపాయ.
పిల్లోల్ల నోటుబుక్కుల్లో మాత్రం
లెక్క ఇంకా నడుస్తా ఉంది,
ఎవరో వాళ్లక్కదీ కలుపుతున్నారు,
ఎవరో పోయినేటిదీ.

రాత్రి నివేదిక మళ్లీ అడిగింది నన్ను.
సున్నా నిమిషాలకు కారణం ఎంచుకోండి.
సిగ్నలు లేదు.
పరికరం చెడిపోయింది.
విద్యార్థికి ఆసక్తి లేదు.
ఇతరములు.

ఇతరములు నొక్కినా.
వివరం రాయమని చిన్న గడి తెరుచుకుంది,
యాభై అక్షరాలకు మించరాదని.
కాటా ఫోటో అందులో పట్టదు.
చాలాసేపు చూసి,
'మిరప' అని రాసి పంపించినా.

బొటనవేలు కంటికి తగిలినట్టుంది,
మంట.